విని చూడు

పీణ్యా రెండో స్టేజీలో, రేకుల షెడ్డు కింద
మధ్యాహ్నం మూడింటికి
నా లేతు చక్ తిరుగుతూ తిరుగుతూ నిలబడిపోయింది.
మోటారు మాత్రం గురగురమంటూనే ఉంది.

మూడు దవడలూ విడివిడిగా, తేటగా.
ఒకదాని అంచున అంటుకున్న ఇనప రజను కూడా
కనిపించిందనిపించింది.
తుడిచేద్దామని
చెయ్యి దానంతటదే లేచింది.

మేస్త్రి నంజుండప్ప నా కాలరు పట్టి లాగాడు.
తిట్టలేదు. మెయిన్ ఆపాడు.
"ఈగ నోడు."
నిలబడిన దవడలు ముందు వెనక్కి నడిచాయి,
తర్వాత మసకబారాయి,
చివరికెప్పుడో
నిజంగా ఆగాయి.

ట్యూబులైటు సెకనుకి నూరుసార్లు కన్నార్పుతుందంట.
నిమిషానికి రెండు వేల చుట్ల మీద నా చక్కూ
సెకనుకి నూరుసార్లు
ఒక దవడ చోట్లో ఇంకో దవడని తెచ్చి పెడుతుందంట.
రెప్ప తెరిచిన ప్రతిసారీ అదే చోట, అదే ఆకారం.
కంటికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?
లెక్క సరిపోయిన చోటే
వేళ్ళు పోతాయి.

ఆయన ఉంగరపు వేలు సగమే ఉంటుంది.
అడగలేదు. తనే చెప్పాడు:
నిలబడినట్టుండే చక్రం ఇరవై రెండేళ్ళ కింద తీసుకుందంట,
లేని ఆ సగం మాత్రం
రాత్రుళ్ళు ఇప్పటికీ కదుల్తుందంట.

మర్నాడు నా లేతు మీద పాత పసుపు బల్బొకటి వేలాడదీశాడు.
కాలిన తీగ అంత తొందరగా చల్లారదు,
రెప్ప వేయదు.
దాని కింద దవడలు కనిపించవు,
ఒట్టి బూడిద రంగు పొగ.
అదే నిజం అన్నాడు.

కరెంటు బిల్లు చూసి ఓనరు మార్చిలో బల్బులు పీకించాడు.
ఎస్పీ రోడ్డంతా తిరిగాను,
"అవి ఇప్పుడెవరు కొంటారు సార్" అన్నారు.

"కేళి నోడు" అంటాడు నంజుండప్ప.
విని చూడు.
తిని చూస్తాం, తాకి చూస్తాం, అడిగి చూస్తాం,
ఆయన భాషలోనూ నా భాషలోనూ
చూడటం ఎప్పుడూ చివరే వస్తుంది.

షిఫ్టు దిగి దాసరహళ్ళి మెట్రో ప్లాట్‌ఫారం మీద నిలబడితే
ఎదుటి గోడ నెమ్మదిగా
ఎడమకి తిరుగుతుంది, పొద్దంతా కుడికి తిరిగిన దానికి బాకీ తీరుస్తున్నట్టు.
రైలొచ్చి ఆగుతుంది.
ఆగిందా?
తలుపులు తెరుచుకుని జనం దిగుతున్నా
కళ్ళు మూసుకుని
మోటారు చప్పుడు తగ్గేదాకా ఆగుతాను.
వెనకాల ఎవరో "నడిరి సార్, నడిరి" అంటారు.