నలభై మూడో ట్రిప్పు

అప్పుడు నాకు పందొమ్మిది.
నాన్న లారీకి వెనక తలుపు సరిగ్గా పడేది కాదు,
తాడుతో బిగించేవాళ్ళం.
టొలీడో నడిబొడ్డున, ఆడమ్స్ వీధిలో,
ఆరంతస్తుల మేడలోంచి హాల్‌బర్గ్ బీమా కంపెనీని
ముక్కలు ముక్కలుగా కిందికి దించి
హైవే పక్కన, మొక్కజొన్న చేల అంచున
కొత్తగా లేచిన ఆఫీసు పార్కుకు చేర్చాం.
పదకొండు రోజులు. నలభై రెండు ట్రిప్పులు.
"ఈ ఊరు చచ్చిపోయింది, క్లారెన్స్!" అన్నాడు మేనేజరు నాన్నతో,
పాడె మోస్తున్నవాళ్ళకి చావుకబురు చెప్పినట్టు.
నాన్న ఏమీ అనలేదు.
టేబులు అవతలి కొస పట్టుకొమ్మని నాకు సైగ చేశాడు.

ఇప్పుడు యాభై నాలుగు.
వాన సంగతి మబ్బుకన్నా ముందు నా మోకాళ్ళకు తెలుస్తుంది.
అదే కంపెనీ, అదే మేడ.
"నగర హృదయానికి మరలి వస్తున్నాం" అని
గోడంత బ్యానరు కట్టారు.
హృదయం సంగతి నాకు తెలీదు,
ఇనుప బీరువాలు మాత్రం అప్పటికన్నా బరువెక్కాయి.

లోపల చూద్దును కదా,
ఆ రోజుల్లో సున్నం కొట్టి దాచిన ఇటుకల్ని
డబ్బిచ్చి గీకించారు.
పైకప్పులో గొట్టాలు పేగుల్లా బయటికే ఉన్నాయి, అదే అందమట.
పావురాలకు మాత్రం ఎవరూ నోటీసివ్వలేదు,
వల కట్టేశారంతే.

మెడలో కార్డు వేసుకున్న మరిసోల్ అనే పిల్ల
నాకు నీళ్ళ సీసా ఇచ్చి అడిగింది:
"ఇంతకుముందు ఇక్కడ ఏముండేది?"
"మీరే" అన్నాను.
నవ్వింది. జోకనుకుంది.

అబద్ధమెందుకు, సంతోషమూ ఉంది.
డిసెంబరు సాయంత్రం అయిదుకే చీకటిపడే వీధిలో
ఆరు వరసల కిటికీలూ వెలిగాయి.
నా మనవరాలు బస్సు దిగి, వెనక్కి చూసుకోకుండా
లైబ్రరీ దాకా నడిచి వెళ్ళింది.
నది మీది గాలి మాత్రం మారలేదు,
కాలరు ఎత్తిందాకా ఊరుకోదు.

కానీ ఈ లారీలోనే పోయిన నెల
కింది అంతస్తు మూలనున్న లిన్‌వుడ్ క్షౌరశాలను ఎక్కించాను.
మూడు కుర్చీలు, దుప్పట్లలో చుట్టిన నిలువుటద్దం,
బొద్దింకల మందు వాసనేసే సొరుగులు.
హాల్‌బర్గ్ గుమాస్తాలు వెళ్ళిపోయిన రోజు నుంచి
ఆ తలలు మళ్ళీ వస్తాయని కాచుకున్నాడు లిన్‌వుడ్,
ముప్పై అయిదేళ్ళు.
తలలు వచ్చాయి.
వాటికంటే ముందే అద్దె వచ్చింది, మూడింతలై.
ఎక్కడికి పోతాడు? చవగ్గా దొరికే చోటికి.
హైవే పక్కకి.

ఇవాళ ఆఖరు లోడు.
పాత ఓకు టేబులు, నాలుగో అంతస్తు, కిటికీ పక్కన.
సొరుగు లాగి అడుగున వేలితో తడిమాను.
సుద్దముక్కతో 17,
ఏడుకి నడుము మీద అడ్డగీత.
నాన్న ఏడు అలాగే రాసేవాడు.
గుడ్డ తీసుకున్నాను, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.
సొరుగు మూసేశాను.

దుప్పట్లు మర్చిపోయానని
ఎవరూ లెక్కించని ట్రిప్పు ఇంకొకటి వేశాను, పార్కుకి.
ఖాళీ హాల్లో తివాచీ మీద
బల్లకాళ్ళ గుంటలు, నాలుగేసి చొప్పున, ఇంకా పూడలేదు.
కొలనులో బాతులు ఉన్నాయి,
వాటికి సద్దన్నం పెట్టేవాళ్ళే మారారు కాబోలు, నా వెంట పడ్డాయి.

రోడ్డు దాటి లిన్‌వుడ్ కుర్చీలో కూర్చున్నాను.
సగం తల అయ్యాక అడిగాడు:
"మళ్ళీ ఎప్పుడు లేచిపోతారంటావ్?"
"నా మోకాళ్ళు పనిచేస్తుండగా కాకుంటే చాలు."
కత్తెర ఆగింది. మళ్ళీ నడిచింది.

అద్దంలో, నా వెనక, రోడ్డవతల,
నిచ్చెన మీద ఎవరో బోర్డు అక్షరాలు ఊడదీస్తున్నాడు.
ఒక్కొక్కటీ దిగుతుంటే
దాని వెనక ఎండ తగలని గోడ మీద
తెల్లగా, కుడి ఎడమలు తారుమారై,
హాల్‌బర్గ్.