భాగం నంబరు నూట పదిహేడు

పత్తర్‌బావి నియోజకవర్గంల బావి లేదు.
పెట్రోల్ బంకు కింద పూడిపోయిందంటరు.
ఎండకాలం అక్కడ నిలబడితే
పాదాలకు చల్లగ తగుల్తదని బంకు పిలగాడు అంటడు.
నాకెప్పుడు తగల్లేదు.

నేను అంగన్‌వాడీ టీచర్‌ను.
పొద్దుగాల పిల్లలకు గుడ్లు,
మధ్యాహ్నం దాటితే ఓటర్ల లిస్టు.
సంచిల ఫారాలు ఆరు, ఏడు, ఎనిమిది:
చేర్చేది, తీసేసేది, దిద్దేది.
మనిషి బతుక్కు ఇంకేం ఫారాలు కావాలె?

మ్యాపుల మా నియోజకవర్గం
కుక్క కొరికిన రొట్టె తీరుంటది.
ఒకప్పుడు గుండ్రంగ ఉండెనట,
మూసీ కాడి నుంచి మిల్లు గోడ దాక.
హద్దులు దిద్దేటోళ్లు వచ్చిన ఏడు
గీత మా గల్లీ నడుమకెల్లి పోయింది.
ఎడమ చేతి ఇండ్లు ఒక ఎమ్మెల్యేకు,
కుడి చేతి ఇండ్లు ఇంకో ఎమ్మెల్యేకు.
మోరి మాత్రం ఎవ్వరికీ కాదు.

ఇంటి నంబరు పద్నాలుగు బై రెండు.
గులాం దస్తగీర్, మిల్లుల స్పిన్నింగ్ ఖాతా.
మొదటి ఎమ్మెల్యే వకీలు, సైకిల్ మీద వచ్చి
వాళ్ల అరుగు మీద మజ్జిగ తాగిండని,
రెండో ఆయన యూనియన్ లీడరు,
గెలిచినంక గూడ మూడో షిఫ్టుకు
టిఫిన్ డబ్బతోని వచ్చెటోడని,
మిల్లుకు తాళం పడ్డ యాడాదే
సీటు కల్లు కాంట్రాక్టరుకు పోయిందని,
వాని కొడుకు మూడు కండువాలు మార్చిండు గని
ఇంటి గేటు రంగు మార్చలేదని
చాయ్ చల్లారేదాక చెప్పెటోడు.
కర్ఫ్యూ పెట్టిన ఏడు మాత్రం చెప్పకపోతుండె.
అక్కడికి రాంగనే కప్పు చేతుల తిప్పుకుంట
"ఆగే బఢో బేటీ" అనెటోడు.

మిల్లు జాగల ఇప్పుడు పదకొండు టవర్లు.
లిఫ్టు కాడ వాచ్‌మన్ నన్ను ఆపి
రిజిస్టర్ల నా పేరే రాయించుకుంటడు.
ఎనిమిది వందల ఫ్లాట్లు, నూట పది ఓట్లు.
కింద రేకుల షెడ్ల నారాయణపేట ఈశ్వరమ్మ:
"మా ఓటు ఊర్లె ఉన్నదక్కా,
బస్సు కిరాయి వాళ్లే ఇస్తరు."
షోలాపూర్ నుంచి వచ్చి మూడు తరాలైన బత్తులోళ్లు
మరాఠీల కొట్లాడి తెలుగుల రాజీ పడ్తరు.
రైల్వే క్వార్టర్ల డెన్నిస్ సారు
తన ఓటు ఎవరికో భార్యకు గూడ చెప్పడు.

మీటింగుల ఒకాయన వేళ్లు మడిచి లెక్కబెట్టిండు:
"వీళ్లు ఇరవై ఎనిమిది వేలు,
వాళ్లు నలభై ఒకటి, చీలితే మనకు లాభం."
నా లిస్టుల వాళ్లు ఒక్కొక్కరే ఉన్నరు,
పాత ఫొటోల, బిత్తర చూపులతోని,
తండ్రి పేరు తప్పు, వయసు తప్పు,
మొగోని పేరు పక్కన ఆడమనిషి మొఖం.

ఈసారి పోతే సఫియాబీ తలుపు తీసింది.
దస్తగీర్ పోయి నలభై రోజులు దాటిందట.
ఏడో నంబరు ఫారం తీసిన.
ఆమెకు చదువు రాదు, కాయితం గుర్తుపట్టింది.
"ఈ ఒక్కసారి ఉండనియ్ బిడ్డా.
మిల్లు బందయ్యింది, పించిని రాలే,
రాషన్ కార్డుల పేరు పోయింది.
సర్కారు కాయితం మీద ఆయన
ఇంకెక్కడ లేడు."

నాకు రూలు తెలుసు.
సచ్చినోళ్ల ఓట్లు ఎవరేస్తరో గూడ తెలుసు.
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ల తీసి
"ఇల్లు తాళం" అని రాసిన.

ఓట్ల నాడు బడి గేటు కాడ స్టూలు మీద కూసున్న.
కడుపుల ఒకటే నంబరు, ఆరు వందల నలభై రెండు.
పన్నెండింటికి కాంట్రాక్టరు మనవడి జీపు
నలుగురు పిలగాండ్లను దించింది.
వాళ్ల చేతుల చీటీలు నేనిచ్చినవి కావు.
మూడింటికి సఫియాబీ. ఆరు వందల నలభై మూడు.
వేలి మీది సిరా ఊదుకుంట నా పక్కన నిలబడి
"ఉన్నడా?" అన్నది.
"ఉన్నడు" అన్న.

అంతా అయినంక ఏజెంటు గోవర్ధన్‌ను
కాపీ చూపియ్యమన్న.
నలభై ఒకటికి గీత. నలభై మూడుకు గీత.
నడుమ ఆయన, నెత్తిన టోపీ,
ఎవ్వరూ ముట్టని గడిల
సక్కగ కూసున్నడు.

ఎల్లుండి ఏడో ఫారం నింపాలె.
సంచి అడుగున ఉన్నది.
గుడ్డు పగిలి ఒక మూలకు అంటింది.