అర చుట్టు

మార్కాపురం, కంభం రోడ్డు.
ఎండాకాలం షట్టరు సగమే ఎత్తి పెట్టుకుంటాను,
కాళ్లు చూసి మనిషిని పోల్చుకోవడం అలవాటు.
ఆ మధ్యాహ్నం వచ్చినవి నీలం హవాయి చెప్పులు,
బొటనవేలి గోరులో గ్రీజు.
ఆ గ్రీజు చూసే లోపలికి రమ్మన్నాను.

పేరు ఎస్తేరు. ఒంగోలులో డిప్లొమా చదివిందట.
మూలన గోనెపట్టా కప్పుకున్న
నా బుల్లి మిల్లింగు మిషను చుట్టూ రెండుసార్లు తిరిగి
"దీనికి మోటార్లు పెడదామా కాశిం మామా" అంది,
కోడెకు ముకుతాడు వేద్దామా అన్నంత తేలిగ్గా.

పలకల ఫ్యాక్టరీ మూసేసిననాడు
తూకానికి కొన్నాను దాన్ని. కిలో పధ్నాలుగు.
అప్పట్నించీ పందొమ్మిదేళ్లు
దాని పిడి నా అరచేతిలోనే ఉంది.
ముందుకు తిప్పితే బల్ల బుద్ధిగా పోతుంది.
వెనక్కి తిప్పితే
పిడి కదులుతుంది, బల్ల కదలదు.
మర అరిగిన చోట కాసేపు ఊరికే తిరిగి
అప్పుడు పట్టుకుంటుంది,
పిలిస్తే ఓ క్షణం ఆగి పలికే మనిషిలా.

"ఆ లూజు ఎంతుంది మామా?"
అర చుట్టు.
"అర చుట్టంటే ఎంత?"
అర చుట్టంటే అర చుట్టే.
సైకిలు పడిపోకుండా ఎంత వంగాలో
నీకెవరన్నా అంకె చెప్పారా?

డయలు గేజీ ఆనించి, ఊపిరి బిగబట్టి చూసింది.
అర చుట్టు కాదట. పావుకి తక్కువ.
మిల్లీమీటరులో నలభై రెండు వందల వంతులు.
ఇన్నేళ్లూ నేను అబద్ధం చెబుతున్నానా,
నా చెయ్యి నాకు చెప్పకుండా
నిజం చేసుకుంటూ పోయిందా?

పిడులు ఊడదీసి మోటార్లు బిగించాం.
మూతబడ్డ నెట్ షాపు కంప్యూటరు ఒకటి దొరికింది,
'క' అచ్చు చెరిగిపోయిన కీబోర్డుతో సహా.
"ఓనమాలు కాదు, ముందు సున్నా" అంది.
మా ఊళ్లో పలక ముక్కలకు కొదవా!
బలపం చోట కార్బైడు మొన పెట్టి
గుండ్రంగా గియ్యమంటే
దిక్కు మళ్లిన నాలుగు చోట్లా తడబడి
ఎవరో నలుపక్కలా నొక్కిన జొన్నరొట్టెను గీసింది.
మళ్లీ గియ్యమంటే మళ్లీ అదే రొట్టె.
మోటారుకు సిగ్గు లేదు, అదే తప్పు, అదే చోట.
నేనైతే తప్పులు కూడా మార్చి మార్చి చేసేవాణ్ణి.

నా చేతి లెక్కను తెర మీద ఓ గడిలో కొట్టింది,
సున్నా, చుక్క, నాలుగు, రెండు.
రొట్టె కొంచెం గుండ్రబడింది.
కరెంటు పోయింది.

నెల తర్వాత బస్టాండు పార్సిలాఫీసులో
కోయంబత్తూరు నుంచి కొత్త మరలు.
గోళీల మీద నడుస్తాయట, లూజన్నదే ఉండదట.
పాత మర విప్పి కిరసనాయిలుతో తుడిస్తే
మధ్య జానెడు మేర అరిగి మిలమిలలాడుతోంది.
రెండు చివరలూ నిన్న కోసినంత కొత్తగా ఉన్నాయి,
అంత దూరం పోయే పని
ఎవరూ నాకు తేలేదు.

కొత్తది బిగించాక ఆ గడిలో అంకె చెరిపేసింది.
ఈసారి పలక మీద వేలు పెట్టి తిప్పాను,
సున్నా ఎక్కడ మొదలైందో దొరకలేదు.

"మరి నా పనేంటమ్మా?"
"ఇదుగో ఎర్ర బటను. ఏదన్నా తేడా వస్తే నొక్కు.
చెయ్యి దీని మీంచి తియ్యబాక."
టీ తెస్తానని షట్టరు కింద వంగి పోయింది.

నల్లటి పలక పొడి రాలుతోంది.
ఎర్ర బటనుకు అంగుళం పైన నా చెయ్యి.
బల్ల వెనక్కి మళ్లిన ప్రతిసారీ
ఎవరూ అడక్కుండానే
గాలిలో నా మణికట్టు తిరుగుతోంది,
పావుకి తక్కువ.