పన్నెండున్నర

కాలిన ఒంటిని అరచేత్తో కొలుస్తారని
నాకు అప్పటిదాకా తెలీదు.
ఎవరి అరచెయ్యి వాళ్ళకి
ఒంట్లో నూటికి ఒక వంతట.
కాన్సెప్సియోన్ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు
ఎదెల్మీరా కాలని చేతిని గాల్లో నిలిపి
ఒకటి, రెండు, మూడు అంటూ
మెడ నుంచి కుడి మణికట్టు దాకా
స్థలం కొలిచినట్టు కొలిచాడు.
తొమ్మిది దగ్గర ఆగాడు.
"మొహం తప్పింది, అదృష్టవంతురాలివి."

తాల్కవానోలో మా చేపపిండి మిల్లు
రేవుగాలికి ఎదురుగా ఉంటుంది.
కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు.
మేం దాన్ని జీతం వాసన అంటాం.
చేపలుడికే కుక్కరు లారీ అంత పొడుగు,
దాని నెత్తిన ఆవిరి గొట్టం, గొట్టానికో వాల్వు,
వాల్వుకో పుస్తకం,
పుస్తకంలో రోజుకో సంతకం.

మే నెల, మంగళవారం, రెండో షిఫ్టు.
ఎదెల్మీరా మూత దగ్గర వంగింది.
ఈల వినబడింది.
రేడియోలో ఆట వస్తోంది, రిఫరీ అనుకున్నాను.
తర్వాత అంతా తెలుపు.
ఆ తెలుపులోంచి ఆమె నడిచొచ్చింది.
అరవలేదు.
"ఉంగరం తియ్యి, వేలు వాస్తుంది" అంది.
అమ్మ ఇచ్చిన వెండి ఉంగరం.
పంపు కింద సబ్బు రాసి లాగాను.
ఇప్పుడది తాళంచెవుల గుత్తిలో ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే,
మావి రబ్బరు ముద్ర పడ్డ ఆకులు.
ప్రమాద నివేదిక మూడు నకళ్ళు,
ఆర్నెల్ల జీతం చీటీలు,
తొడ చర్మం మెడకి అతికించిన ఫోటోలు.
కిటికీ వెనకమ్మాయి ఒక కాగితం వెనక్కి తోసింది.
కయుపాన్ అనే ఇంటిపేరులో
ఒక అక్షరం నెత్తిన గీత లేదట.
తాతల నాటి మపుచె పేరు.
ఆ గీత పెట్టించడానికి పదకొండు రోజులు.

అప్పుడొచ్చింది కమిషన్ లెక్క:
పని చేసే శక్తిలో నష్టం పన్నెండున్నర శాతం.
పదిహేను ఉంటేనే పరిహారం.
"రెండున్నర తగ్గింది" అంది,
మాంసం కొట్లో తక్కెడ వైపు చూసినట్టు చూస్తూ.
"ఇంకాస్త వంగాల్సింది."
తన మాటకి తనే నవ్వింది.
మెడ మీది కొత్త చర్మం నవ్వలేదు.

ఇప్పుడు కంపెనీ మీద దావా.
వాళ్ళ లాయరు ఆ పుస్తకం తెచ్చాడట.
మంగళవారం గడిలో:
వాల్వు పరీక్షించబడినది. బాగున్నది.
కింద సంతకం.
అంటే తప్పంతా మూత తీసినామెదేనని.

ఆ సంతకం నాది.
వాల్వు నేను చూళ్ళేదు.
నెల్లాళ్ళుగా ఎవరూ చూళ్ళేదు.
నిచ్చెనెక్కితే నాకు మోకాలు, ఫోర్‌మన్‌కి తొందర.
సోమవారం పొద్దున్నే
వారానికి సరిపడా పెట్టేసేవాణ్ణి,
ఏడు గళ్ళు, ఏడుసార్లు నా పేరు.
ఆమె కాలడానికి ఒకరోజు ముందే
ఏమీ కాలేదని రాసిపెట్టాను.

ఆమెకి తెలుసు.
ఎలా తెలుసో అడిగే మొహం లేదు నాకు.
ఆదివారం వాళ్ళింట్లో
ఎడమచేత్తో సూపు వడ్డిస్తూంటే
గరిటె వణికి నా చొక్కా మీద పడింది.
"కాలిందా?"
లేదన్నాను.
"బుధవారం పదింటికి కోర్టు, ఔరెలియో.
ఇస్త్రీ చొక్కా వేసుకురా."
అంతే. ఉప్పు సరిపోయిందా అని కూడా అడగలేదు.

రాత్రి వంటగది బల్ల మీద
నా అరచెయ్యి పరిచి చూసుకున్నాను.
నూటికి ఒక వంతు.
సంతకాలు పెట్టింది ఇదే,
రేపు ప్రమాణానికి లేవాల్సిందీ ఇదే.
పెన్షన్‌కింకా పద్నాలుగు నెలలు.
కిటికీలోంచి మిల్లు పొగగొట్టం కనిపిస్తుంది గానీ
నిచ్చెన కనిపించదు,
ఎవరైనా ఎక్కుతున్నారో లేదో.

తెల్ల చొక్కా తీసి బల్ల మీద పరిచాను.
కాలర్ నుంచి మొదలుపెట్టి
నెమ్మదిగా ఇస్త్రీ చేస్తున్నాను,
పెట్టె బుస్సుమని ఆవిరి వదిలినప్పుడల్లా
ఒకడుగు వెనక్కి వేసి,
మళ్ళీ ముందుకొచ్చి.