గారు

మా చర్చి సభ్యుల రిజిస్టరు రాసేది నేనే,
పదకొండేళ్ళుగా, నీలం సిరాతో.
ఇంజనీరు ప్రభుదాసు గారు,
రైల్వేలో రిటైరైన జ్ఞానరత్నం గారు,
బోయిన్‌పల్లిలో రెండిళ్ళున్న సులోచన గారు,
పేజీ అడుగున
ఎలీసమ్మ.
అంతే.
రాయొద్దని ఎవరూ చెప్పలేదు.
చోటు లేకా కాదు.
చెయ్యి అక్కడికొచ్చి దానంతటదే ఆగిపోయేది.

అడ్డగుట్టలో రేకుల ఇల్లు.
రాత్రంతా సికింద్రాబాద్ స్టేషన్లో
ప్లాట్‌ఫారాలు ఊడుస్తుంది.
చాయ్ కప్పులు, అరటి తొక్కలు, ఎవరిదో వాంతి.
సూపర్‌వైజరు "ఏయ్" అంటాడు.
ప్రయాణికులు ఏమీ అనరు,
చీపురు దగ్గరికొస్తే కాళ్ళు మాత్రం పైకెత్తుతారు.

ఆదివారం డ్యూటీ దిగి
ఇరానీ హోటల్ బయట నిలబడి ఒక చాయ్ తాగి
మెట్టుగూడ దాకా నడిచే వస్తుంది.
ఆటో డబ్బులు కానుకలోకి పోతాయి.
నాకెలా తెలుసంటే
నోట్లు లెక్కపెట్టేదీ నేనే.
సంచి మొత్తంలో ఫినాయిల్ వాసన వేసేది ఒక్కటే,
నాలుగు మడతల ఇరవై రూపాయలు.

మొగుడు గాంధీ ఆసుపత్రి వరండాలో పోయిన వారం కూడా వచ్చింది.
సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరు గారు.
లేచి, కొంగు సర్దుకుని,
"చెప్పనీకి ఏం లేదయ్యా.
ఆడ గూడ ఉండె ఆయన.
కూసోనీకి స్టూలు లేకపాయె,
తెల్లారేదాంక నిలబడే ఉండె"
అని కూర్చుంది.
ఆ రోజు ప్రసంగంలో ఇంకేం విన్నానో గుర్తులేదు.

మొన్న జూలైలో పెద్ద వాన.
మోరీ నీళ్ళు గేటు దాటి మెట్ల దాకా వచ్చాయి.
ఆరాధన మధ్యలో బయటికొచ్చి చూస్తే
మా అందరి చెప్పులూ ఒకదాని మీద ఒకటి తేలుతున్నాయి.
పిన్నీసు పెట్టిన ఒక జత మాత్రం
పొడిగా ఉన్న పై మెట్టు మీద
వీధి వైపు తిరిగి,
తొడుక్కోవడానికి వీలుగా,
పక్కపక్కన.
వాచ్‌మన్ యాదగిరిని అడిగాను.
"నేను గాదు సార్."
సండేస్కూలు పిల్లల్ని అడిగాను.
వాళ్ళు కాగితప్పడవల గొడవలో ఉన్నారు.
ఆమెతో చెబితే
కాసేపు చెప్పుల కేసి చూసి నవ్వింది.
"ఇంటికొచ్చిన సుట్టాలకు గట్లనే జేస్తరు గద సారూ."

తువ్వాలు నడుముకు చుట్టుకుని
కాళ్ళ దగ్గర కూర్చున్న సంగతి నేనూ చదివాను.
పిల్లలకు పరీక్ష కూడా పెట్టాను దాని మీద.
ఆ నీళ్ళ పళ్ళెం
అడ్డగుట్ట బురద దాకా వస్తుందని మాత్రం
లెక్క వేసుకోలేదు.

ఒక బల్లారాధన నాడు ఆమె వెనక వరసలో కూర్చున్నాను.
దేవుణ్ణి మేమంతా "నువ్వు" అనే అంటాం,
అమ్మని అన్నట్టు. ఆయన తప్పు పట్టడు.
అందరం అడగాల్సినవి అడుగుతున్నాం,
కొడుక్కి వీసా, మోకాలికి ఆపరేషను,
నేనైతే ప్లాటు రిజిస్ట్రేషను.
ఆమె గొంతు తగ్గించి
"తిన్నవా అయ్యా?" అంది.
నేను కళ్ళు తెరిచాను. తెరవకూడదు, తెరిచాను.
ఆమె కాస్త తల వంచి ఆగింది,
ఎదుటి మనిషి మాట పూర్తయ్యే దాకా ఆగినట్టు.
తర్వాత "నాదైంది. చాయ్ తాగిన" అంది.

అంటే అటునుంచీ ఎవరో అడిగారు.
ఏమని అడిగి ఉంటారు?
నువ్వు తిన్నావా అనా?
కాదు. రాత్రంతా వంగిన ఆ వీపు
ఒక్కసారి నిటారైన తీరు నేను చూశాను.
ఏ ప్లాట్‌ఫారం మీదా ఎవరూ అనని మాట
ఎవరో అన్నారు ఆమెతో:
మీరు తిన్నారా, ఎలీసమ్మ గారూ?

జనవరిలో సుల్తాన్‌బజార్ వెళ్ళి కొత్త రిజిస్టరు కొన్నాను.
ఆమె పేరు దాకా వచ్చి చెయ్యి మళ్ళీ ఆగింది,
ఈసారి సిగ్గుతో.
నేనిచ్చే గౌరవమా ఇది?
అక్కడ ఎప్పుడో రాసి ఉన్నదానికి
ఆలస్యంగా తీసుకుంటున్న నకలు.
రెండక్షరాలు రాశాను.
"రు" కొమ్ము కొంచెం అలుక్కుపోయింది.
ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.