తోర్దీజాలో లైన్ క్లియర్

పట్టాలు పీకే పని మాది.
వేసినవాళ్ళ ఫొటోలు ఆఫీసు గోడల మీదుంటాయి,
పీకినవాళ్ళను ఎవరూ నిలబెట్టి ఫొటో తీయరు.
డెబ్బై తొమ్మిది, జూలై. పంపా మైదానం నిండా
తెల్లారగట్ల మంచు కరకరలాడే గడ్డి.
పదకొండుమందిమి, ఒక ట్రాలీ,
రోజుకు నాలుగు వందల మీటర్లు పీకితేనే కూలి.

తోర్దీజా అంటే బూడిదరంగు ఆడగుర్రం.
అప్పుడక్కడ ఊరే లేదు. సర్వే బండి లాగుతూ వచ్చిన గుర్రం
మోకాళ్ళ మీద కూలబడి మళ్ళీ లేవలేదట.
రాత్రిలోగా మ్యాపులో ఏదో ఒక పేరు పడాలి.
ఇంజినీరు దాని పేరే రాసి దీపం ఆర్పేశాడు.
మనుషులు ఆ తర్వాతెప్పుడో వచ్చారు.

ఇదంతా చెప్పింది ఎర్మీనియో బసువాల్దో, స్టేషన్ మాస్టరు.
రైలు ఆగి రెండేళ్ళు, జీతం ఆగి ఏడాదిన్నర,
టోపీ మాత్రం నెత్తి మీదే ఉంది.

నాలుగూ నలభైకి పాల రైలు వచ్చేదట.
బెర్తొలోత్తో అన్నదమ్ములకు కంచె తగాదా,
పంతొమ్మిదేళ్ళు మాటల్లేవు.
ఒకడి క్యాన్లు ప్లాట్‌ఫారం ఈ చివర, ఇంకొకడివి ఆ చివర.
ఉన్న ఒక్క రైలూ వాళ్ళ కోసం రెండుసార్లు ఆగేది.
తర్వాత లారీ వచ్చింది, ఎవరి గేటు దగ్గరికి వాళ్ళకే.
"పాపం, మొహం తిప్పుకోవడానికైనా
ఎదుటి మొహం ఒకటి ఉండాలిగా" అన్నాడాయన.

మిడతలు దిగిన ఏడు
చితికిన మిడతల జిడ్డుకు చక్రాలు జారి
ఇంజను ఉన్నచోటే తిరిగిందట గంటన్నర.
పెళ్ళికి పోయేవాళ్ళు పట్టుబట్టలతో దిగి
దోసిళ్ళతో ఇసుక చల్లారట.
పెళ్ళికూతురు కూడానా అని అడిగాను.
"ఆమే ఎక్కువ చల్లింది."

ఇవన్నీ రాత్రి పొయ్యి దగ్గర సంగతులు.
అసలు సంగతి ఆ పొద్దున జరిగింది.

మేం ట్రాలీ తోసుకుంటూ వస్తే
సిగ్నలు చెయ్యి అడ్డంగా ఉంది. ఆగమని.
మా మేస్త్రీ సిస్నేరోస్ ఒక బూతు తిట్టి, నవ్వి, ఆగాడు.
ఎర్ర జెండాతో నడిచొచ్చాడు ముసలాయన:
"ఎటునుంచి?"
మా వెనక పట్టాలే లేవు. రాళ్ళూ, బోల్టులూ,
స్లీపర్లు లేచిన చోట నల్లటి చారలూ.
"పడమటి నుంచి" అన్నాన్నేను.
రాసుకున్నాడు.

లోపలికెళ్ళి ఫోను పిడి తిప్పాడు.
ముందు స్టేషనుకు కప్పు కూడా లేదు,
తీగను ఎవరో ఎప్పుడో కోసుకుపోయారు.
అవతలివాడు జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో
సరిగ్గా అంతసేపు చెవి దగ్గర పెట్టుకున్నాడు.
తల ఊపాడు.
"దొరికింది."

గంట రెండు దెబ్బలు కొట్టాడు.
మాలో ఎవడూ నవ్వలేదు. సిస్నేరోస్ టోపీ తీశాడు,
ఎందుకు తీశాడో వాడికీ తెలిసినట్టు లేదు.

ఆ స్టేషను ముందు పట్టాలు పీకడానికి రెండు రోజులు పట్టింది.
కెబ్రాచో దుంగలు, గొడ్డళ్ళు విరిచే చెట్టువి,
భూమి అంత తేలిగ్గా వదల్లేదు.
ఆయన మాకు మాతే కాచి ఇచ్చాడు,
బోల్టు బిగుసుకుంటే కిరోసిన్ తెచ్చిచ్చాడు.
రిజిస్టరులో తొంగి చూశాను:
రెండేళ్ళుగా ప్రతి పేజీలో "రైలు రాలేదు. గాలి దక్షిణం."
చివర్న మా సంగతి:
"ట్రాలీ. పదకొండుమంది. సమయానికే."

దుంగ ఒకటి తెచ్చుకున్నాను, ఇప్పుడది నా గుమ్మం.
వాన పడితే నూనె వాసన.
ఆయనిచ్చిన లైన్ క్లియర్ చీటీ కూడా ఉంది, మడతల్లో చిరిగింది.
పడమర అన్నది తెలుస్తోంది, పదకొండూ ఇరవై తెలుస్తోంది.
ఎక్కడికి అన్న గడిలో ఏం రాశాడో
ఇప్పటికీ చదవలేకపోతున్నాను.
చేతిరాత అలాంటిది.