లబ్ధిదారుల సంఖ్య

కాయితం మీద ఏడో గడి ఖాళీగ ఉన్నది.
మునిసిపల్ ఆఫీసుల సారు వేలు వెట్టి చూపిండు:
"లబ్ధిదారులు ఎందరో రాయి.
సంఖ్యల రాయి, అక్షరాల వద్దు."

నేను మోటార్లు చుట్టేటోన్ని.
కాలిన కాయిల్ విప్పి చుట్లు లెక్కవెట్టి
మళ్ల అన్నే చుడత.
లెక్క నాకు కొత్త గాదు.
కొత్తవాడల, సంఘపోళ్ల పాత గోదాంల,
నెలకో ఆదివారం పుస్తకం చదివే మా కూటానికి
ఖజాంచిని గూడ నేనే,
ఇంకెవ్వలు ఒప్పుకోలేదు గనుక.

రసీదుబుక్కు చంకల వెట్టుకొని తిరుగుత.
వినాయకునికి రెండు వేల ఒకటి రాసిన చేతులు
నా ముంగట జేబులు తడుముకుంటయి.
"కథ చదివితె ఏమొస్తదే?" అంటడు హార్డువేరు షాపు భద్రయ్య.
ఏమొస్తదో నాకూ తెల్వది.
ట్యూబులైటు చోకు పోయింది, అది తెలుసు.
చాయకు నూటిరవై.
అద్దె ఇంకా అడుగుతలేరు,
ఎప్పుడడుగుతరో అని రాత్రి నిద్రల లేస్త.

ఏడో గడి.

మొన్న ఆషాఢంల వాన రేకుల మీద దంచుతుంటె
ఇంటర్ చదివే నిఖత్ గొంతు పెంచి చదువుతున్నది.
రాసినాయన పట్నం నుంచొచ్చి ముందు కుర్చీల కూసున్నడు.
కథల ముసలాయన జంపఖానా నేసుకుంట
నాడె విసిరి, కండ్లల్ల నీళ్లు దీసుకుంటడు.

వెనుక గోడకు ఒరిగిన సారంగపాణి,
మూడేండ్లసంది వచ్చుడే గని నోరు విప్పనోడు,
లేచి నిలవడ్డడు.
"సారూ, మా జంపఖానాకు నాడె విసరం.
రంగు పోగు చేతితోనే దాటిస్తం, పంజతోని కొడతం.
ఇంకోటి.
నేసేటప్పుడు ఏడువం.
పోగు తడిస్తె రంగు దిగుతది.
ఏడుపు కూలి లెక్క తేలిన దినానికి దాచుకుంటం."

కొంచెంసేపు గోదాంల వానొక్కటే మాట్లాడింది.
రాసినాయన పెన్ను దీసి
"పంజ ఎట్ల రాస్తరు?" అన్నడు.
"రాసుడు నాకు రాదు సారూ, కొట్టుడొస్తది."

ఇప్పుడు చెప్పుండ్రి,
లబ్ధిదారు సారంగపాణా, పెన్ను దీసినాయనా?
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసి
అంగీ దులుపుకోకుంటనే వచ్చే ఓదెలు
కూసున్న దిక్కల్ల తుమ్ములు లేపుతడు.
తెల్లారి ఆ కథనే లారీ కాడ తోటి హమాలోళ్లకు చెప్తడు,
ముగింపు తనకు నచ్చినట్టు మార్చి.
వాళ్లను ఏ గడిల రాయాలె?
లోపలికి రాకుంట కిటికి కాడ సైకిలు ఆపి
ఒక్క కాలు నేల మీద వెట్టి విన్న
పాలపాకెట్ల పిలగాడు సగమా, ఒకటా?

చుట్టు ఒక్కటి తక్కువైనా మోటారు వేడెక్కుతది.
తప్పు లెక్క రాయబుద్ధి గాలే.
ఖాళీగనే ఇచ్చిన.
పది దినాలకు ఫైలు ఖాళీగనే వాపసొచ్చింది.

ఆ ఆదివారం పొద్దుమీకంగ
భద్రయ్య గోదాం గడప కాడ నిలవడి
చిన్న డబ్బా నా చేతుల వెట్టిండు.
"కథకు గాదే. చీకట్ల కూసుంటె పురుగుబూసి వస్తది."
లోపలికి రమ్మంటె, షాపు ఎవలు చూస్తరన్నడు.
అన్నడు గని,
నిఖత్ రెండో పేజీ తిప్పేదాంక కదలలే.

రసీదు రాసిన.
సంఖ్య కాడ గీత కొట్టిన.
అక్షరాల: చోకు ఒకటి మాత్రమే.